కాంక్రీటు పడకముందు: ఘాజియాబాద్‌లో సివిల్ ఇంజనీరు వృత్తి

సివిల్ ఇంజనీరుకు ఉత్తరప్రదేశ్‌లో, ఢిల్లీని ఆనుకుని ఉన్న ఘాజియాబాద్‌లో మూడు రకాల కొలువులున్నాయి. ఒకటి ప్రభుత్వ శాఖ, రెండోది బిల్డరు సైటు, మూడోది బజారు వీధిలో మేడ మీది గదిలో నడిచే సొంత ప్లాన్ల ఆఫీసు. ఎక్కడున్నా పని సారం ఒక్కటే. మట్టి కిందికో కాంక్రీటు లోపలికో పోయి ఇక కంటికి కనపడని భాగాన్ని, అది కనపడుతున్న ఆ కాసేపట్లోనే చూసి, కొలిచి, సంతకం పెట్టాలి. జీతం, ప్రమోషన్, మంచిపేరు, ఒక్కోసారి జైలు కూడా ఆ సంతకం చుట్టూనే తిరుగుతాయి.

ఊరు పెరిగిన తీరు

1740లో ఘాజీ ఉద్దీన్ పేరు మీద వెలసిన ఈ ఊరు చాలాకాలం మీరట్ జిల్లాలో ఒక తహసీలు కేంద్రంగానే ఉంది. 1976 నవంబరు 14న జిల్లా అయింది. మరుసటి ఏడాది ఘాజియాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ (జీడీఏ) ఏర్పడింది. 1994లో మున్సిపల్ కార్పొరేషన్ వచ్చింది. 2001లో దాదాపు 9.7 లక్షలున్న నగర జనాభా పదేళ్ళలో 16.5 లక్షలకు చేరింది. ఢిల్లీలో ఇల్లు కొనే స్తోమత లేనివాళ్ళు సరిహద్దు దాటి ఇవతల స్థిరపడటం మొదలుపెట్టారు. వైశాలి, ఇందిరాపురం కాలనీలను జీడీఏ వేసింది, వసుంధరను యూపీ ఆవాస్ వికాస్ పరిషత్ వేసింది. హిండన్ నది అవతల రాజ్‌నగర్ ఎక్స్‌టెన్షన్‌లో పొలాల స్థానంలో అపార్ట్‌మెంటు టవర్లు లేచాయి. మోదీనగర్, హాపుర్, బులంద్‌శహర్ లాంటి చుట్టుపక్కల పట్టణాల్లో సివిల్ చదివిన కుర్రాళ్ళకు ఇంటికి దగ్గర్లోనే పని దొరికే చోటుగా ఊరు మారిపోయింది.

ఇంజనీరింగ్‌తో ఈ నేలకున్న సంబంధం అంతకంటే పాతది. జిల్లాలోని మురాద్‌నగర్ మీదుగా పారే ఎగువ గంగా కాలువను ప్రోబీ కాట్లీ తవ్వించాడు. 1854లో దానికి నీళ్ళు వదిలారు. ఆ పనికి చదువుకున్న మనుషులు కావలసి వచ్చే 1847లో రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. అదే ఏడాది మన ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టాడు. తర్వాతి కాలంలో గంగా కాలువ డిజైను బాగాలేదని కాటన్ తప్పుపట్టడం, కాట్లీ దానికి జవాబివ్వడం ఆనాటి ఇంజనీర్లలో పెద్ద చర్చ అయింది. ఆ కాలువ ఇప్పుడు పొలాలతో పాటు నగరాల దాహం కూడా తీరుస్తోంది. ఢిల్లీలోని సోనియా విహార్, భాగీరథి శుద్ధి కేంద్రాలకు నీళ్ళు మురాద్‌నగర్ నుంచే వెళ్తాయి. ఏటా దసరా రోజుల్లో పూడిక తీయడానికి కాలువ కట్టేస్తే ఘాజియాబాద్, నోయిడా కాలనీల్లో కుళాయిలు సన్నగిల్లుతాయి. ఆ కొన్ని వారాలు నీటి సరఫరా ఇంజనీర్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

చదువు

ఈ వృత్తిలోకి రెండు దారులున్నాయి. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా ఒకటి. ఇంటర్ తర్వాత నాలుగేళ్ళ బీటెక్ రెండోది. డిప్లొమా అయ్యాక నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే వీలుంది. తెలుగు రాష్ట్రాల్లో పాలీసెట్, ఈసెట్ చేసే పనే ఉత్తరప్రదేశ్‌లో అక్కడి ప్రవేశపరీక్షలు చేస్తాయి. ఘాజియాబాద్ ప్రైవేటు కాలేజీల్లో అజయ్ కుమార్ గర్గ్ ఇంజనీరింగ్ కాలేజీ, మురాద్‌నగర్ దగ్గరి కైట్ పేరున్నవి. రెండూ 1998లో మొదలయ్యాయి.

సర్వేయింగ్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, మట్టి పరీక్షలు, నీటి ప్రవాహాలు, కాంక్రీటు డిజైను, ఎస్టిమేషన్ అన్నిచోట్లా ఒకటే పాఠాలు. తేడా అంతా చదువయ్యాక తెలుస్తుంది. బీమ్‌లో ఎంత ఉక్కు పడాలో లెక్కగట్టడం కాలేజీలో నేర్పుతారు. ఆ ఉక్కు నిజంగా పడిందో లేదో చూడటం మాత్రం సైటులో మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. కోర్సులో కొన్ని వారాల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉన్నా, కొన్ని చోట్ల అది సర్టిఫికెట్ తెచ్చుకోవడంతోనే సరిపోతుంది.

పరీక్షలు, కొలువులు

చిన్న పట్టణాల కుటుంబాలకు ఇప్పటికీ ప్రభుత్వ కొలువే గురి. కేంద్ర శాఖల్లో జూనియర్ ఇంజనీర్ల ఎంపిక స్టాఫ్ సెలక్షన్ కమిషన్ చేస్తుంది. ఏడో వేతన సంఘం లెక్కన మూల వేతనం రూ.35,400తో మొదలవుతుంది. రాష్ట్ర శాఖల జేఈ పోస్టులకు యూపీ సబార్డినేట్ సర్వీసెస్ సెలక్షన్ కమిషన్ పరీక్ష పెడుతుంది. అన్నిటికంటే పైది యూపీఎస్సీ నిర్వహించే ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష. ప్రిలిమ్స్‌కు 500, మెయిన్స్‌కు 600, ఇంటర్వ్యూకు 200, మొత్తం 1,300 మార్కులు. నెగ్గినవాళ్ళు రూ.56,100 మూల వేతనంతో గ్రూప్-ఎ అధికారులవుతారు. హైదరాబాద్ అబిడ్స్‌లోనూ, ఢిల్లీ కట్వారియా సరాయ్‌లోనూ అద్దె గదుల్లో రెండేసి మూడేసి ఏళ్ళు గడిపే సివిల్ పట్టభద్రుల ధ్యాసంతా దాని మీదే.

ఆ పరీక్ష పాసై కేంద్ర ప్రజాపనుల శాఖ (సీపీడబ్ల్యూడీ)లో చేరేవాళ్ళను ఘాజియాబాద్‌కే పంపుతారు. 1854లో పుట్టిన ఆ శాఖ శిక్షణ కేంద్రం నేషనల్ సీపీడబ్ల్యూడీ అకాడమీ ఇక్కడి కమలా నెహ్రూ నగర్‌లో ఉంది. టెండర్లు, కాంట్రాక్టు నిబంధనలు, నాణ్యత పరీక్షలు, ఖాతాల నిర్వహణ అక్కడ నేర్పుతారు. దేశంలో ఏ మూల పోస్టింగ్ వచ్చినా వాళ్ళ తొలి పాఠాలు ఈ ఊళ్ళోనే.

ఉద్యోగపు మెట్ల పేర్లు తెలుగు రాష్ట్రాల్లో ఒకలా, ఇక్కడ ఒకలా ఉంటాయి. మన దగ్గర ఏఈ, డీఈఈ, ఈఈ, ఎస్ఈ, సీఈ. ఇక్కడ జేఈ, ఏఈ, ఈఈ, ఎస్ఈ, సీఈ. అట్టడుగున జేఈ ఉంటారు. కాంట్రాక్టర్‌కు, మేస్త్రీకి, ఇంటి ముందు రోడ్డు తవ్వి వదిలేశారని మండిపడే జనానికి ప్రభుత్వమంటే ఆ జేఈ సాహబే. డిప్లొమాతో జేఈగా చేరినవాళ్ళు ఏఈ కావడానికి ఏళ్ళ తరబడి పట్టవచ్చు. డిగ్రీవాళ్ళ కోటా, డిప్లొమావాళ్ళ కోటా, సీనియారిటీ జాబితా మీద కోర్టు కేసులు ఈ శాఖల్లో ఎప్పుడూ నలిగే విషయాలు.

శ్లాబ్ వేసే రోజు

సైటులో ముఖ్యమైన రోజు శ్లాబ్ వేసే రోజు. ఇంజనీరుకు అసలు పని మాత్రం ముందురోజు సాయంత్రమే ఉంటుంది. సెంట్రింగ్ బిగించి, కడ్డీలు కట్టి, కరెంటు పైపులు పరిచాక ఇంజనీరు పైకెక్కి చూస్తారు. ఘాజియాబాద్ కూలీలు కడ్డీని సరియా అనీ, కంకరను రోడీ అనీ, శ్లాబును లెంటర్ అనీ అంటారు. ఎక్కడినుంచి వచ్చిన ఇంజనీరైనా వారం తిరగకుండానే ఆ భాషలోకి దిగిపోతారు.

చూడవలసిన వాటిలో మొదటిది కవర్, అంటే కడ్డీకి, కాంక్రీటు బయటి అంచుకు మధ్య ఉండే మందం. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం అది మామూలు వాతావరణంలో శ్లాబుకు 20 మి.మీ., పిల్లరుకు 40, పునాదికి 50 కంటే తగ్గకూడదు. కూలీలు కడ్డీల మీద నడిచినప్పుడు కవర్ బ్లాకులు పక్కకు జారతాయి, కడ్డీ సెంట్రింగ్ రేకుకు ఆనుతుంది. మర్నాడు కాంక్రీటు పడ్డాక ఆ తప్పు ఎవరికీ కనపడదు. చాలా ఏళ్ళకు తేమ తగిలి, కడ్డీ తుప్పుపట్టి ఉబ్బి, కప్పు పెచ్చులూడినప్పుడు బయటపడుతుంది.

రెండోది పిల్లరు చుట్టూ కట్టే రింగుల కొక్కెం. 2016 నాటి భూకంప పటంలో ఘాజియాబాద్ నాలుగో జోన్‌లో ఉంది. తెలుగు ప్రాంతాల్లో చాలా భాగం రెండు, మూడు జోన్లలో ఉంది కాబట్టి అక్కడినుంచి వచ్చిన ఇంజనీరు ఇక్కడ జాగ్రత్త పెంచుకోవాలి. భూకంప నిరోధక కోడ్ ఐఎస్ 13920 ప్రకారం రింగు కొసను 135 డిగ్రీలు వంచి పిల్లరు లోపలికి దింపాలి. ఆ కొస కనీసం 65 మి.మీ. పొడవుండాలి. 90 డిగ్రీలు వంచి వదిలేస్తే మేస్త్రీకి పని త్వరగా అవుతుంది, చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి. భూమి కంపించి బయటి కాంక్రీటు రాలిపోయినప్పుడు 90 డిగ్రీల రింగు విచ్చుకుంటుంది, పిల్లరు కడ్డీలు వంగిపోతాయి. 135 డిగ్రీల రింగు పట్టు వదలదు. రింగులన్నీ విప్పి మళ్ళీ కట్టమని సాయంత్రం ఆరు గంటలకు చెప్పడం కుర్ర ఇంజనీరుకు కష్టమే. మర్నాటికి కాంక్రీటు లారీలు, కూలీలు, పంపు అన్నీ ముందే మాట్లాడి ఉంటాయి.

కాంక్రీటు పడేటప్పుడు ఘనాలు పోయాలి. 150 మి.మీ. అచ్చుల్లో కాంక్రీటు నింపి, నీళ్ళలో ఉంచి, 28వ రోజున యంత్రం కింద నొక్కి చూస్తారు. ఎం25 రకం కాంక్రీటు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలి. అంటే ఆ చిన్న ఘనం దాదాపు 57 టన్నుల బరువు మోయాలన్నమాట. 30 ఘనపు మీటర్ల శ్లాబుకు మూడు నమూనాలు, ఒక్కో నమూనాకు మూడు ఘనాల చొప్పున తొమ్మిది పోయాలి. మిక్సర్ లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వస్తే కాంక్రీటు బిగుసుకుంటుంది. అప్పుడు డ్రమ్ములో నీళ్ళు కలపమని పంపు వాళ్ళు ఒత్తిడి చేస్తారు. నీళ్ళు కలిపితే పని సులువవుతుంది, బలం పడిపోతుంది. లారీని వెనక్కి పంపే అధికారం కాగితం మీద ఇంజనీరుదే. ఆ అధికారం వాడినవాళ్ళకు కాంట్రాక్టర్ దగ్గర చెడ్డపేరు, మంచి మేస్త్రీల దగ్గర గౌరవం దక్కుతాయి.

ఆ తర్వాత నీళ్ళు కట్టడం. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఫ్లైయాష్ కలిసిన సిమెంటుకు కనీసం పది రోజులు కాంక్రీటు తడి ఆరకూడదు. నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబుకు ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు ఆధారాలు తీయకూడదు. ఈ లెక్క మామూలు సిమెంటుకు, 15 డిగ్రీలకు తగ్గని ఉష్ణోగ్రతకు చెప్పింది. జనవరిలో ఘాజియాబాద్‌లో రాత్రిళ్ళు అయిదారు డిగ్రీలకు పడిపోతాయి. చలికి సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక ఇంకొన్ని రోజులు ఆగాలి. సెంట్రింగ్ సామాను రోజువారీ అద్దెకు తెచ్చిన కాంట్రాక్టరేమో త్వరగా విప్పేద్దామంటాడు.

దుమ్ము, పొగ, ఆగిన పని

చలికాలంలో ఢిల్లీ చుట్టుపక్కల ఇంజనీరుకు మన ప్రాంతాల్లో లేని సమస్య ఇంకొకటి ఉంది. గాలి కాలుష్యం బాగా పెరిగితే ఎయిర్ క్వాలిటీ మేనేజ్‌మెంట్ కమిషన్ దశలవారీ ఆంక్షలు ప్రకటిస్తుంది. పై దశల్లో తవ్వకాలు, కాంక్రీటు పనులు చాలావరకు ఆగిపోతాయి. రైల్వే, మెట్రో, ఆసుపత్రుల లాంటి వాటికి సడలింపులుంటాయి, వాళ్ళు కూడా దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాలి, మట్టి కుప్పల మీద పట్టాలు కప్పాలి. పని ఆగితే దినకూలీలు సొంతూళ్ళకు వెళ్ళిపోతారు. ఆంక్షలు ఎత్తేశాక వాళ్ళంతా ఒకేసారి తిరిగిరారు. సగం కట్టి వదిలేసిన కడ్డీలకు మంచు పట్టి తుప్పు చేరుతుంది. ఆగిన రోజులకు గడువు పొడిగింపు రాయడం, తుప్పు గీకించడం, మళ్ళీ కొలతలు సరిచూడటం ఇంజనీరు నెత్తిన పడతాయి.

ఎంబుక్

ప్రభుత్వ పనిలో ఇంజనీరు ఆయుధం మెజర్‌మెంట్ బుక్. అందరూ ఎంబుక్ అంటారు. ప్రతి పుటకూ అంకె ఉంటుంది, ఏ పుటా చించడానికి వీల్లేదు. తప్పు రాస్తే చెరపకూడదు, కొట్టేసి పక్కన సరైన అంకె రాసి పొట్టి సంతకం చేయాలి. జేఈ కొలిచి రాసినవాటిలో కొన్నింటిని ఏఈ, ఈఈ తిరిగి కొలుస్తారు. పునాది, కడ్డీల లాంటి కప్పడిపోయే పనులను కప్పకముందే పై అధికారి చూడాలన్నది నియమం. ఎంబుక్‌లో ఎక్కిన కొలత, టెండరులో ఒప్పుకున్న రేటు, రెండూ గుణిస్తే కాంట్రాక్టర్ బిల్లు. ఇప్పుడు చాలా శాఖల్లో పుస్తకం కంప్యూటరులోకి మారింది, బాధ్యత మాత్రం మారలేదు. అయిదేళ్ళ తర్వాత ఆడిట్ వచ్చినా, పదేళ్ళ తర్వాత విజిలెన్స్ వచ్చినా మొదట తెరిచేది దాన్నే.

ఆ బాధ్యత బరువేమిటో జిల్లాకు 2021 జనవరి 3న తెలిసింది. మురాద్‌నగర్ శ్మశానంలో ఒక అంత్యక్రియకు వచ్చినవాళ్ళు వానకు తడవకుండా కొత్తగా కట్టిన కప్పు కింద నిలబడ్డారు. అది కూలిపోయింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. మున్సిపాలిటీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరును, జూనియర్ ఇంజనీరును, కాంట్రాక్టరును పోలీసులు అరెస్టు చేశారు. అది ఎత్తయిన భవనమూ కాదు, కష్టమైన డిజైనూ కాదు. చిన్న పట్టణాల్లో ఏ మున్సిపాలిటీ అయినా ఏటా కట్టించే మామూలు పని. ఇలాంటి చిన్న పనులే ఒక్కో జేఈ చేతిలో ఒకేసారి డజన్లకొద్దీ ఉంటాయి. అన్ని చోట్లకూ తిరగలేక, కాంట్రాక్టర్ పంపిన ఫొటో చూసి సంతకం చేసే అలవాటు ప్రమాదం జరిగే రోజు దాకా ఎవరికీ తప్పుగా తోచదు.

ఒత్తిడికి లొంగనివాళ్ళకూ ప్రమాదం తప్పదు. బీహార్‌లోని సివాన్ జిల్లా పల్లెలో పుట్టి, ఐఐటీ కాన్పూర్‌లో సివిల్ చదివిన సత్యేంద్ర దూబే జాతీయ రహదారుల సంస్థలో పనిచేస్తూ స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలపై ప్రధాని కార్యాలయానికి లేఖ రాశారు. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. తప్పు ఎత్తిచూపేవాళ్ళకు రక్షణ కల్పించే చట్టం కోసం దేశంలో గట్టిగా అడగడం ఆయన మరణం తర్వాతే మొదలైంది.

బిల్డరు సైటు, సొంత ఆఫీసు

ప్రైవేటు సైటులో కొత్తగా చేరిన ఇంజనీరు జీతం ప్రభుత్వ జేఈ జీతం కంటే బాగా తక్కువగా ఉండటం మామూలే. పొద్దున్నే మొదలైన పని శ్లాబ్ పడే రోజున అర్ధరాత్రి దాకా సాగుతుంది. అనుభవం పెరిగాక ప్లానింగ్, బిల్లింగ్, క్వాలిటీ కంట్రోల్ విభాగాలుగా దారులు చీలతాయి. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ఇక్కడి ఇంజనీరు సంతకానికి కొత్త విలువ తెచ్చింది. కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం బిల్డరు విడి ఖాతాలో ఉంచాలి. పని ఎంత జరిగిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరిస్తేనే అందులోంచి తీయాలి. ఇల్లు అప్పగించిన అయిదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. ఇల్లు అందక ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఢిల్లీ శివార్లలో ఈ నిబంధన చిన్నది కాదు.

సొంత ఆఫీసు పెట్టుకున్నవాళ్ళ బతుకు ఇళ్ళ ప్లాన్లతో, బ్యాంకు లోన్ల వాల్యుయేషన్లతో గడుస్తుంది. వీళ్ళకు అసలు పోటీ మేస్త్రీయే. ఢిల్లీ సరిహద్దులోని ఖోడా, లోనీ లాంటి కిక్కిరిసిన కాలనీల్లో యాభై గజాల స్థలంలో మూడు నాలుగంతస్తులు లేపే యజమాని ఇంజనీరు ఫీజు దండగ అనుకుంటాడు. నాలుగిళ్ళు కట్టిన మేస్త్రీ మాట చాలనుకుంటాడు. 2018 జులైలో మసూరీ దగ్గర ఆకాశ్ నగర్‌లో కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలినప్పుడు ఇలాంటి కట్టడాల మీద కొన్నాళ్ళు తనిఖీలు సాగాయి. ఆర్కిటెక్టులకు 1972 చట్టం ప్రకారం జాతీయ మండలి, రిజిస్ట్రేషన్ ఉన్నాయి. ఇంజనీర్లకు అలాంటి చట్టం ఇప్పటికీ లేదు. 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఇచ్చే చార్టర్డ్ ఇంజనీరు గుర్తింపు, స్థానిక సంస్థల లైసెన్సు, ఈ రెండే సామాన్యుడికి ఆనవాళ్ళు.

పెద్ద పనుల నీడలో

ఈ నగరంలో పెద్ద పనుల కొరత లేదు. రాజ్‌నగర్ ఎక్స్‌టెన్షన్ నుంచి ఢిల్లీ సరిహద్దులోని యూపీ గేటు దాకా జీడీఏ కట్టించిన 10.3 కి.మీ. హిండన్ ఎలివేటెడ్ రోడ్డు 2018 మార్చి 30న తెరుచుకుంది. దేశంలో మొదటి ప్రాంతీయ వేగ రైలు నమో భారత్ 2023 అక్టోబరు 20న సాహిబాబాద్, దుహాయీ డిపోల మధ్య 17 కి.మీ. మేర ఇక్కడే మొదలైంది. ఇలాంటి పనుల్లో పిల్లర్ల మీది భాగాలను వేరేచోట అచ్చుపోసి, తెచ్చి, రాత్రిపూట క్రేన్లతో అమరుస్తారు. అందుకే ఇక్కడ పనిచేసిన కుర్ర ఇంజనీర్లకు ఇతర నగరాల మెట్రోల్లో గిరాకీ ఉంటుంది.

జిల్లాలోకి మెట్రో మొదట వచ్చింది 2011 జులై 14న, వైశాలికి. అప్పుడు ఢిల్లీ మెట్రోను నడుపుతున్న ఈ.శ్రీధరన్ సివిల్ చదివింది కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో. ఆయన పుట్టింది కేరళలోని పాలక్కాడ్ ప్రాంతంలో. మొదట పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, తర్వాత ఇంజనీరింగ్ సర్వీసు పరీక్ష రాసి రైల్వేలో చేరారు. 1964 తుపానుకు దెబ్బతిన్న పంబన్ వంతెనను 46 రోజుల్లో నిలబెట్టారు. ఆయనకు ముందు తరంలో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు గిండీలో చదివి, బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ తీసుకుని, ఢిల్లీలో కేంద్ర నీటి శాఖ డిజైన్ల విభాగంలో పనిచేశారు. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర నీటిపారుదల మంత్రి అయ్యారు. పులిచింతల జలాశయానికి ఆయన పేరే పెట్టారు. చిన్న ఊళ్ళ నుంచి వచ్చిన వీళ్ళిద్దరూ డిజైన్ బల్లల దగ్గర, సైట్లలో ఏళ్ళు గడిపాకే పై పదవులకు వెళ్ళారు.

పదవీ విరమణ తర్వాత

ఇక్కడి ప్రభుత్వ ఇంజనీరు అరవై ఏళ్ళకు రిటైరవుతారు. పని మాత్రం అక్కడితో ఆగదు. కాంట్రాక్టు తగాదాల్లో మధ్యవర్తులుగా, నాణ్యత తనిఖీ సంస్థల్లో సలహాదారులుగా, కాలేజీల్లో అతిథి అధ్యాపకులుగా కొనసాగుతారు. ఘాజియాబాద్‌లో ఇప్పుడు వీళ్ళ అవసరం పెరుగుతున్న రంగం పాత భవనాల పటిష్ఠత పరీక్ష. వైశాలి, కౌశాంబీ లాంటి తొలి కాలనీల ఫ్లాట్లు ముప్ఫై ఏళ్ళకు చేరువయ్యాయి, కొన్ని దాటాయి. కప్పుల్లో నెమ్ము, పిల్లర్లలో నిలువు పగుళ్ళు కనిపిస్తే నివాసుల సంఘాలు ఇంజనీరును పిలుస్తాయి. సుత్తి లాంటి రీబౌండ్ హ్యామరుతో పైపొర గట్టిదనం, అల్ట్రాసోనిక్ తరంగాలతో లోపలి ఖాళీలు, మరీ అనుమానమైతే స్థూపాకారంలో కోసి తీసిన ముక్కతో అసలు బలం తెలుసుకుంటారు.

ఆ పరీక్షకు మొదట కావలసింది భవనం కట్టినప్పటి డ్రాయింగులు, ఘనాల ఫలితాలు. అవి దొరికితే నెలల పని వారాల్లో తేలుతుంది, దొరక్కపోతే ప్రతి పిల్లరునూ కొత్తగా అనుమానించాల్సిందే. అందుకే కొత్త ఫ్లాటు తీసుకునే సంఘాలు బిల్డరు నుంచి తాళాలతో పాటు ఆ కాగితాలు కూడా అడిగి తీసుకోవాలని అనుభవజ్ఞులైన ఇంజనీర్లు చెబుతారు.